రాదు, తెలియదు, ఎరగను: అజ్ఞానం అన్న మాట అర్థం గురించి

జ్ఞానం లేదని చెప్పడానికి తెలుగులో ఒక్క మాట సరిపోదు. ఈత గురించి అడిగితే ‘రాదు’ అంటాం, బస్సు ఎన్ని గంటలకని అడిగితే ‘తెలియదు’ అంటాం, ఫలానా మనిషి గురించి అడిగితే ‘ఎరగను’ అంటాం. శ్రీకాకుళం పల్లెల్లో ఈ మూడోది ‘నానెరగను’ అయి, మనుషులకే కాక సంగతులకూ వర్తిస్తుంది. ఈ మాటల వ్యాకరణమూ ఒకటి కాదు. ‘నాకు రాదు’, ‘నాకు తెలియదు’ అన్నప్పుడు వాక్యంలో మనిషి కర్త కాడు. విద్యో సంగతో అతని దగ్గరికి చేరవలసి ఉంది, అది చేరలేదు, అంతవరకే. ‘నేనెరగను’ అన్నప్పుడు మాత్రం మనిషే కర్త, ఎరగకపోవడం అతను చేస్తున్న పని అన్నట్టు ఉంటుంది. ఈ తేడాలను తెలుగు పిల్లలు బడి మొహం చూడకముందే పొరపాటు లేకుండా పాటిస్తారు. బడికి వెళ్లిన తరువాత ‘అజ్ఞానం’ అన్న సంస్కృత పదం వారి నోటికి వస్తుంది, అన్నిటినీ కలిపి ఒకే గంపలో వేస్తుంది. ఆ గంపలోవాటిని మళ్లీ విడదీయకపోతే ఎవరికి ఏది ఎందుకు తెలియడం లేదన్న ప్రశ్నకు జవాబు దొరకదు. దొరికేదల్లా ఎవరో ఒకరి మీద వేయడానికి నింద.

నింద అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు. పాత తెలుగులో ‘నేరమి’ అంటే చేతకాకపోవడం, నేర్పు లేకపోవడం. నేర్చడం అన్న క్రియకు వ్యతిరేక రూపం నుంచి పుట్టిన మాట అది. ఇవాళ పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో వాడే ‘నేరం’ కూడా ఆ కుదురుదే. నేర్చుకోకపోవడాన్ని సూచించిన పదం తప్పు చేయడాన్ని సూచించే పదంగా మారడం వెనుక ఒక సామాజిక వైఖరి ఉందని అనుకోవడానికి ఆస్కారముంది, కాకపోతే భాషలో జరిగిన ప్రతి మార్పుకూ నీతి అంటగట్టడం కూడా ఒక విధమైన అజ్ఞానమే కనుక ఆ ఊహను అక్కడితో వదిలేయడం మంచిది.

సంస్కృత సంప్రదాయం కూడా ఈ పదాన్ని ఒకే అర్థంలో వాడలేదు. న్యాయ దర్శనాన్ని అనుసరించే తార్కికులైన నైయాయికులకు అజ్ఞానమంటే జ్ఞానం లేకపోవడమే, ఖాళీ కుండ లాంటిది. యోగసూత్రాల్లో అవిద్యకు ఇచ్చిన నిర్వచనం వేరు: అనిత్యాన్ని నిత్యమనీ, దుఃఖాన్ని సుఖమనీ, అనాత్మను ఆత్మ అనీ భావించడం అవిద్య. ఆ సూత్రాల మీది వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం దానికి ఇచ్చిన పోలిక ఇప్పటికీ పదునుగా ఉంది. ‘అమిత్రుడు’ అంటే మిత్రుడు లేని స్థితి అని అర్థం కాదు, మిత్రుడికి విరుద్ధమైన మరో మనిషి, అంటే శత్రువు. అదే విధంగా అవిద్య అంటే విద్య లేని ఖాళీ చోటు అని కాక, విద్యకు ఎదురు నిలిచే మరో రకమైన తెలివిడి అని అర్థం చేసుకోవాలి. అద్వైతులు మరో అడుగు వేసి దానికి రెండు శక్తులు చెప్పారు: ఆవరణం ఉన్నదాన్ని కప్పుతుంది, విక్షేపం లేనిదాన్ని చూపుతుంది. చీకట్లో తాడును పామనుకున్నప్పుడు తాడు కనబడకపోవడం మొదటిది, పాము కనబడటం రెండోది. అమరకోశం అయితే అజ్ఞానానికి పర్యాయపదాలుగా అవిద్యతోపాటు ‘అహంమతి’ని కూడా చేర్చింది, నేను అనే బుద్ధిని. మోక్షం వైపు నడిపించే బుద్ధి జ్ఞానమనీ, శిల్పంలోనూ శాస్త్రంలోనూ ప్రవర్తించే బుద్ధి విజ్ఞానమనీ అక్కడే చెప్పింది. శిల్పాన్నీ శాస్త్రాన్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన ఆ నిఘంటుకారుడి పద్ధతిని తరువాతి కాలపు లెక్కలు పాటించలేదు.

లెక్కలంటే ముందుగా జనాభా లెక్కలు. వాటి ప్రకారం ఏడేళ్లు నిండినవారు ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులు. 2011లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం జిల్లాది 58.89 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రానిది 67.02 శాతం. ఈ అంకెల్లో అబద్ధమేమీ లేదు. చదవడం, రాయడం రాకపోవడం ఒక నిర్దిష్టమైన లోపం, దాని పర్యవసానాలూ నిర్దిష్టమైనవే. చిక్కల్లా ఆ అంకెను చూసి ఒక ప్రాంతం మొత్తాన్ని ‘వెనుకబాటు’, ‘అజ్ఞానం’ అన్న మాటలతో చుట్టేయడంలో ఉంది. ‘రాదు’ అన్న మాటకు చెందిన ఒక్క విషయాన్ని ‘తెలియదు’ అన్న మాట కిందకి నెట్టేస్తే వచ్చే పొరపాటు ఇది.

పొందూరు ఖద్దరు తయారీ చూస్తే ఈ పొరపాటు ఎంతటిదో తెలుస్తుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకుండే సన్నని, దగ్గర దగ్గర పళ్లు పత్తిలోని నలుసును తీసి, పోగులను ఒక వరసలోకి తెస్తాయి. ఆ తరువాత గింజ తీయడం, ఏకడం, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు దాకా సన్నని నూలు తీయడం జరుగుతాయి. ఎంత పత్తి పట్టుకోవాలి, ఎముకను ఎంత ఒత్తిడితో లాగాలి, పోగు ఎప్పుడు తెగబోతోంది అన్నవి చెబితే వచ్చేవి కావు, పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చేస్తే వేళ్లకు వచ్చేవి. జనాభా లెక్కల కాగితం మీద నిరక్షరాస్యురాలిగా నమోదై ఉండగల వృద్ధురాలు ఈ పనిలో ఆచార్యురాలు కావచ్చు, ఆమె ముందు డిగ్రీ ఉన్నవారికి ఏమీ ‘రాదు’. ఈ మాట ఆమెను పొగడటానికి చెప్పింది కాదు. చదువు వచ్చి ఉంటే తన నూలుకు కట్టిన లెక్క సరిగ్గా ఉందో లేదో ఆమె స్వయంగా చూసుకోగలిగేది. నేర్పు ఆ పని చేయలేదు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది లేని లోటు తీరదు, రెండోది లేనంత మాత్రాన మొదటిది మాయం కాదు.

భాష విషయంలో ఈ సంగతిని గిడుగు వెంకట రామమూర్తి చాలా ముందే గ్రహించారు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, లిపి లేదు కనుక సవర గిరిజనులది భాషే కాదన్న మైదానపు మాటను పట్టించుకోకుండా సవరల దగ్గరే ఆ భాష నేర్చుకున్నారు. 1931లో వచ్చిన సవర వ్యాకరణానికీ, 1938లో వచ్చిన నిఘంటువుకూ ఆధారం ఆ నేర్చుకోవడమే. చదువుకున్న ఉపాధ్యాయుడికి సవర భాష రాదు, చదువులేని సవరకు వచ్చు. తెలియనివాడు ఎవరన్నది ఏ విషయం గురించి అడుగుతున్నామన్న దాన్ని బట్టి మారుతుందని ఆ రోజుల్లో అంగీకరించినవారు కొద్దిమందే.

అలాగని స్థానికులకు అన్నీ తెలుసుననడమూ సరికాదు. ఒక ఊళ్లో ఎంత కాలం, ఎంత శ్రద్ధగా బతికినా తెలియని సంగతులు కొన్ని ఉంటాయి, ఎందుకంటే అవి లెక్కపెడితే తప్ప కనబడవు. శ్రీకాకుళం తీర గ్రామాల్లో ‘అడ్డపొగ’ అలవాటు దీనికి మంచి నిదర్శనం. చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పొగ పీల్చడమే అడ్డపొగ, ముఖ్యంగా ఆడవారిలో ఎక్కువగా ఉన్న అలవాటు. దాని వల్ల అంగిలి మీద వచ్చే మచ్చలు, పుండ్లు, కాన్సర్ గురించి ఈ జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో ప్రచురితమైంది. ఒక ఇంట్లో ముసలామె ఎనభై ఏళ్ల దాకా అడ్డచుట్ట కాల్చి ఆరోగ్యంగా ఉండటం, పక్కింట్లో ఎన్నడూ చుట్ట ముట్టని మనిషి కాన్సర్‌తో పోవడం, ఈ రెండూ ఒకే వీధిలో జరగగల విషయాలే. ఆ రెండిళ్లను చూసి ‘చుట్టకూ దీనికీ సంబంధం లేదు’ అనుకున్నవారిని తెలివితక్కువవారనడానికి వీల్లేదు. వారు తమ కంటి ముందున్న సాక్ష్యం నుంచి సక్రమంగానే తర్కించారు, కానీ ఆ సాక్ష్యం చాలదు. పదివేల నోళ్లను చూసినవారికి కనిపించేది రెండు నోళ్లను చూసినవారికి కనిపించదు. ఈ విషయంలో ఇంకో తరహా వారు కూడా ఉన్నారు. అమెరికా సిగరెట్ కంపెనీ ఒకటి 1969 నాటి తన అంతర్గత పత్రంలో సందేహమే తమ సరుకని రాసుకుంది. పొగాకు హాని రుజువైన తరువాత కూడా ఇంకా తేలలేదన్న భావన జనంలో నిలిచి ఉండేలా ఆ పరిశ్రమ డబ్బు ఖర్చుపెట్టింది. చుట్ట కాల్చే ముసలామెకు తెలియకపోవడాన్నీ, తెలిసి తెలియనివ్వకపోవడాన్నీ ఒకే పేరుతో పిలవడం న్యాయం కాదు.

ఇక శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. ‘తెలియదు’ అన్న మాటకున్న అర్థాలన్నీ ఒకే చోట పోగుపడిన ప్రాంతం ఇది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఈ నేల మీద మూత్రపిండాల జబ్బు కొన్ని దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతోంది. ఈ జబ్బుకు వైద్యులు పెట్టిన పేరులోనే ‘కారణం తెలియని’ అన్న విశేషణం ఉంది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కూలీలకూ వచ్చే ఇలాంటి జబ్బుకు కూడా అదే విశేషణం అంటించారు.

ఈ విశేషణం చూడటానికి చేతులెత్తేసినట్టు ఉంటుంది, నిజానికి అది చాలా పని జరిగిన తరువాత వచ్చేది. మూత్రపిండాలు దెబ్బతినడానికి సాధారణంగా చక్కెర వ్యాధి, అధిక రక్తపోటు ప్రధాన కారణాలు. అవి కాక రాళ్లు, పుట్టుకతో వచ్చే లోపాలు, ఇతర వ్యాధులు ఉంటాయి. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించి, ఏదీ కాదని తేల్చిన తరువాతే ‘కారణం తెలియదు’ అని రాయడానికి వీలవుతుంది. భూగర్భ జలాల్లో సిలికా, ఫ్లోరైడ్, భార లోహాలు, పురుగు మందులు, ఎండలో గంటల తరబడి శ్రమ చేసి సరిపడా నీళ్లు తాగకపోవడం, ఒళ్లు నొప్పులకు వాడే మాత్రలు, వంశపారంపర్య లక్షణాలు, ఇలా అనుమానితుల జాబితా పొడవైనదే. వాటిలో ఏ ఒక్కటీ తనంతట తానే మొత్తం జబ్బును వివరించగలదని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. ఇక్కడ వైద్యుడు ‘తెలియదు’ అంటే హద్దులు గీసి చూపిన ఒక ఖాళీ అని అర్థం. ఏది తెలియదో కచ్చితంగా చెప్పగలగాలంటే దాని చుట్టూ ఉన్నదంతా తెలిసి ఉండాలి.

అదే ఊరిలో కొబ్బరికాయలు దింపే కూలీ తన మూత్రపిండాల గురించి ‘తెలియదు’ అంటే దాని రూపం వేరు. ఈ జబ్బు నొప్పి పెట్టదు. రెండు మూత్రపిండాలకూ అవసరానికి మించిన శక్తి ఉండటం వల్ల అది తగ్గుతున్నా చాలా కాలం దాకా మనిషికి తేడా కనబడదు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థాన్ని కొలిచే సీరం క్రియాటినిన్ పరీక్షే ప్రధానంగా అందుబాటులో ఉన్న దారి, ఆ పరీక్షకూ ఒక పరిమితి ఉంది: మూత్రపిండాల శక్తి దాదాపు సగం పోయేదాకా ఆ అంకె మామూలు హద్దు దాటకపోవచ్చు. అంటే ఒంటికి తెలియదు, కొంత కాలం పాటు పరీక్షకూ తెలియదు. కాళ్లు వాచి, ఆకలి పోయి, ఆయాసం వచ్చేనాటికి తెలుసుకోవడానికి మిగిలింది డయాలసిస్ ఎక్కడ చేస్తారన్నది మాత్రమే. దీన్ని రోగి అజ్ఞానం అనడానికి ఏ నిఘంటువూ ఒప్పుకోదు.

తెలుసుకోవడానికి అవకాశం ఉన్నా తెలుసుకోకుండా ఉండటం మరో స్థితి. రక్త పరీక్షల శిబిరం తమ ఊరికే వచ్చినా పరీక్షకు రక్తం ఇవ్వడానికి వెనకాడేవారు ఉంటారు. అంకె ఎక్కువ వచ్చిందని ఊరికి తెలిస్తే ఇంట్లో ఆడపిల్ల సంబంధం చెడిపోవచ్చు, కూలికి పిలిచేవారు తగ్గవచ్చు, పైగా జబ్బుకు పూర్తిగా నయం చేసే మందు లేదన్న మాట ముందే వినిపించి ఉంటుంది. తెలిస్తే చేయగలిగింది తక్కువ, పోయేది ఎక్కువ అయినప్పుడు మనిషి తెలుసుకోకపోవడాన్నే ఎంచుకుంటాడు. ‘నేనెరగను’ అన్న వాక్యంలో మనిషి కర్తగా ఉండటంలోని ఔచిత్యం ఇక్కడ కనిపిస్తుంది. ఈ ఎంపిక ప్రమాదకరమైనదే, ఎందుకంటే తొలి దశలో తెలిస్తే రక్తపోటు అదుపులో పెట్టుకుని, నొప్పి మాత్రలు మాని, జబ్బు వేగాన్ని తగ్గించుకునే వీలుంది. అయినా దాన్ని మార్చాలంటే ఇంకో సభ పెట్టి ఇంకో ఉపన్యాసం ఇవ్వడం కన్నా, తెలిసిన తరువాత పోయేదాన్ని తగ్గించడం ముఖ్యం.

దీనికి విరుద్ధంగా, అధికార పత్రాల్లోనూ పత్రికల్లోనూ అలవాటుగా కనిపించే పదబంధం ఒకటుంది: ‘ప్రజల్లో అవగాహన లేకపోవడం వల్ల’. ఏ సమస్య గురించి రాసినా ఈ ముక్క చేర్చేయడం ఆనవాయితీ అయిపోయింది. ఒళ్లు నొప్పులకు రోజూ మాత్ర మింగే కూలీకి అవగాహన లేదంటారు. అతనికి ఒక సంగతి బాగా తెలుసు, మాత్ర వేసుకోకపోతే రేపటి పనికి వెళ్లలేడనీ, ఆ రోజు కూలి పోతుందనీ. మూత్రపిండం సంగతి అతనికి చెప్పినవారు లేకపోవచ్చు, చెప్పినా రేపటి కూలి ప్రశ్న అలాగే ఉంటుంది. అవగాహన లేదనడం వల్ల సమస్య అతని బుర్రలో ఉన్నట్టు తోస్తుంది, అది అతని జేబులో ఉంది.

కారణం తెలియకపోయినా చర్య తీసుకోవడం సాధ్యమేనని కూడా ఉద్దానం చూపింది. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఈ ఊళ్లకు తెచ్చే పథకాన్ని సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టారు. దాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబర్ 14న ప్రారంభించారు. నీళ్లే కారణమని రుజువు కాకముందే నీళ్లు మార్చడం అశాస్త్రీయమని ఎవరైనా అంటే, అది శాస్త్రాన్ని తప్పుగా అర్థం చేసుకోవడమే. అనుమానితుల్లో ఒకదాన్ని తొలగించడం హాని చేయదు, మంచినీరు ఏ కారణంతో వచ్చినా మంచినీరే. పైగా నీళ్లు మారిన ఊళ్లలో కొత్త కేసులు తగ్గుతాయా లేదా అన్నది కొన్నేళ్లకు ఒక సాక్ష్యంగా కూడా పనికొస్తుంది, ఆ లెక్కను ఎవరైనా జాగ్రత్తగా రాసిపెడితే.

రాసిపెట్టడం దగ్గరికి వచ్చేసరికి కాగితం కూడా అజ్ఞాని కాగలదని గుర్తించాలి. సోంపేట ప్రాంతంలోని బీల, అంటే వాన నీరు నిలిచి ఏడాదిలో ఎక్కువ కాలం తడిగా ఉండే చిత్తడి నేల, చుట్టుపక్కల ఊళ్లకు సాగునీటికీ, చేపలకూ, పశువుల మేతకూ ఆధారం. అక్కడ ప్రతిపాదించిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి సంబంధించిన కాగితాల్లో అది ఎందుకూ పనికిరాని భూమిగా నమోదైంది, 2009లో పర్యావరణ అనుమతి కూడా వచ్చింది. 2010 జూలై 14న నిరసన తెలిపినవారి మీద పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని కొట్టేసింది. బీలలో మోకాలి లోతు నీళ్లలో దిగి చేపలు పట్టేవారికి తెలిసిన సంగతి కాగితానికి తెలియలేదు. తెలియకపోవడానికి దూరం ఒక కారణం అనుకున్నా, వెళ్లి చూడటానికి సోంపేటకు రైలు ఉంది. ఆవరణం, విక్షేపం అని అద్వైతులు చెప్పిన రెండు శక్తులూ ఇక్కడ చక్కగా పనిచేశాయి: ఉన్న నీళ్లు కప్పబడ్డాయి, లేని బంజరు కనబడింది. ఇలాంటి చోట ‘అవగాహన లేకపోవడం వల్ల’ అన్న పదబంధాన్ని ఎవరూ వాడరు, ‘సాంకేతిక లోపం’ అంటారు.

తెలియకపోవడం వల్ల కలిగే నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్నకు చట్టం తనదైన జవాబు ఇచ్చింది. భారతీయ శిక్షాస్మృతి 76, 79 సెక్షన్లలో ఉండి, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 14, 17 సెక్షన్లుగా కొనసాగుతున్న సూత్రం ప్రకారం, వాస్తవం విషయంలో సద్భావంతో పొరబడినవారికి రక్షణ ఉంది, చట్టం విషయంలో పొరబడినవారికి లేదు. చీకట్లో మనిషిని చూసి మరొకరనుకోవడం సాకు కావచ్చు, ఫలానా చట్టం ఉందని తెలియకపోవడం కాదు. వేల చట్టాలున్న దేశంలో అన్నీ అందరికీ తెలుసునని భావించడం నిజం కాదని చట్టానికీ తెలుసు. తెలియదన్న ప్రతివారినీ వదిలేస్తే ఏ చట్టమూ నిలవదు కనుక అది తెలిసే కల్పించుకున్న ఊహ. ఆ ఊహ బరువు అందరి మీదా సమానంగా పడదు. వకీలు పక్కన ఉన్నవాడికి అది దూది మూట, వేలిముద్ర వేసేవాడికి రాయి.

ఈ అసమానతను గుర్తించి బరువును అటు నుంచి ఇటు మార్చిన చట్టం ఒకటి ఈ ప్రాంతపు కొండల్లోనే అమల్లో ఉంది. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండి 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో భాగమైన ఏజెన్సీ గ్రామాల్లో సవర, జాతాపు గిరిజనుల భూమి ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తే ఎవరి చేతికి వెళ్లిందో చెప్పగల పత్రాలు చాలాచోట్ల గిరిజనుల దగ్గర ఉండవు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించి తెచ్చిన, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచిన నిబంధన, ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగా భావిస్తుంది, కాదని నిరూపించే భారాన్ని స్వాధీనంలో ఉన్నవాడి మీద పెడుతుంది. కాగితం చదవడం రానివాడిని కాగితం చూపమని అది అడగదు. అర్జీ పెట్టుకోవచ్చన్న సంగతి కూడా తెలియని మనిషి ఉంటాడని ఊహించి కాబోలు, ఎవరూ అడగకపోయినా అధికారి తనంతట తానే విచారణ మొదలుపెట్టవచ్చని కూడా అందులో రాసిపెట్టారు.